కాగితం రెండో వైపు

అమ్మా,

ముందే చెప్పేస్తున్నాను, కంగారుపడకు. నాకు ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను. ఎవరితోనూ పోట్లాట పెట్టుకోలేదు అని కూడా రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధమవుతుంది. పెట్టుకున్నాను. ఈసారి ఇంటి ఓనరుతోనో బస్సు కండక్టరుతోనో కాదు, ఒక మందుల కంపెనీతో. "పొట్టేలు పోయి కొండను ఢీకొన్నట్టుందే నీ యవ్వారం" అని నువ్వనడం ఇక్కడికే వినిపిస్తోంది. కొండైతే ఏంటట? ముందు అది నా దారికి అడ్డం తప్పుకోవాలి.

ఇదంతా మెసేజిగా పెట్టొచ్చు. కానీ ఆ ఫోను పొద్దస్తమానం దుకాణం బల్ల మీదే ఉంటుంది, నీకన్నా ముందు నాన్న చదువుతారు. ఈ సంగతి ఆయనకు ఇప్పుడే తెలియడం నాకిష్టం లేదు. ఎందుకో అడక్కు. పోస్టు వచ్చే వేళకు ఆయన దుకాణంలో ఉంటారు, నువ్వు ఇంట్లో కుట్టుమిషను దగ్గర ఉంటావు. అందుకే ఈ ఉత్తరం.

నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో ఏదో" అని చెప్తావట. ఇవాళ సరిగ్గా చెప్తాను, విను. సరే, చదువు. మందు పెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన పల్చటి కాగితం ఉంటుంది కదా. ఆ మందు దేనికి, ఎంత వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు, వేసుకుంటే ఏం జరగొచ్చు, అన్నీ అందులో చీమల బారులా రాసి ఉంటాయి. చిన్నప్పుడు మన దుకాణంలో నేల మీద బోర్లా పడుకుని వాటినే కూడబలుక్కుని చదివేదాన్నని నాకు చీమ అని పేరు పెట్టావు. కొన్నవాళ్ళలో నూటికి తొంభై మంది ఆ కాగితం వైపు చూడరు. విడి మాత్రలు కొనేవాళ్ళకైతే అది అసలు చేతికే రాదు. మేము ఆ కాగితాలు సంపాదించి, మడతలు విప్పి, ఇస్త్రీ చేసి, స్కాను తీసి, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి ఇంటర్నెట్లో పెడతాం. మందు పేరు కొడితే చాలు, ఎవరైనా, ఎక్కడినుంచైనా ఉచితంగా చదువుకోవచ్చు. నీ పేరేంటని అడగం, నీ రోగమేంటని అడగం, మధ్యలో ప్రకటనలు దూరవు. ఇప్పటికి పదకొండు వేల మందులయ్యాయి. ఇంతా చేసి మేం నలుగురం, కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు, ఒక స్కానరు, ఒక ఇస్త్రీపెట్టె.

దీన్ని మొదలుపెట్టినాయన ఒకప్పుడు మందుల పాఠాలు చెప్పిన లెక్చరరు, అందుకని అందరం మాస్టారూ అంటాం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. కంపెనీలు తమ కాగితాలు మారుస్తూ ఉంటాయి. కొత్తది రాగానే పాతది తీసేయకూడదు, తేదీ వేసి కొత్తదాని కిందే ఉంచాలి. ఏం చేర్చారో, ఏం ఎత్తేశారో జనం పోల్చి చూసుకుంటారు. గొడవంతా ఈ నియమం దగ్గరే వచ్చింది.

ఒక నొప్పుల మాత్ర ఉంది. దాని పాత కాగితం రెండో వైపు, అట్టడుగున ఒక లైను: "చెవుల్లో హోరు మొదలైతే మాత్ర వెంటనే మానాలి. మానకపోతే వినికిడి శాశ్వతంగా పోవచ్చు." కొత్త కాగితంలో ఆ లైను లేదు. ఎందుకు తీసేశారని మా పేజీ చూసిన ఒకామె కంపెనీకి ఉత్తరం రాసింది. దానికి వాళ్ళు తీసేశామనీ అనలేదు, తీసేయలేదనీ అనలేదు. అసలు ఆ లైను మా కాగితంలో ఏనాడూ లేదు, ఆ సైటువాళ్ళు కల్పించారు అన్నారు! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మరుసటి వారమే వాళ్ళ లాయరు మా ఆఫీసు మెట్లెక్కాడు.

మనిషి మర్యాదస్తుడే. నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, అందరినీ పలకరించి, నా వైపు తిరిగి, "చూడండమ్మా, మీరు చిన్నవారు. టైపు కొట్టేటప్పుడు వేరే మందు లైను ఇందులో పడి ఉంటుంది. సహజం. ఒక కాగితం మీద సంతకం పెట్టేస్తే అందరం ఇళ్ళకెళ్ళి హాయిగా నిద్రపోవచ్చు" అన్నాడు.

"నాకు నిద్ర బాగానే పడుతోందండీ" అన్నాను.

నా పక్కన కూచునే ఆవిడ కిసుక్కున నవ్వింది. ఎంత చిన్న అక్షరమైనా ఇట్టే చదివేస్తుందని ఆవిణ్ణి మేం భూతద్దం అక్క అంటాం. లాయరు నవ్వలేదు. "అయితే స్కాను చూపించండి" అన్నాడు.

తెరిచాను. ప్రతి కాగితానికీ రెండు బొమ్మలుంటాయి, ముందు వైపు, వెనక వైపు. ఈ కాగితానికి కూడా రెండు బొమ్మలున్నాయి అమ్మా. రెండూ ముందు వైపువే. మూడేళ్ళ కిందట నేనే తీశాను. కాగితం తిప్పడం మర్చిపోయి, ఒకే వైపు రెండుసార్లు తీశాను. ఏదో పరధ్యానం. అసలు కాగితం కూడా లేదు, అప్పట్లో స్కాను అయిపోగానే చిత్తు కాగితాల వాడికి ఇచ్చేసేవాళ్ళం. లాయరు లేచి కోటు తొడుక్కున్నాడు.

పద్దెనిమిది రోజుల గడువు ఇచ్చారు. వచ్చే నెల మొదటి శుక్రవారం, ఉదయం పదింటికి. ఆలోగా అసలు కాగితం చూపించాలి. లేదంటే పేజీ తీసేసి, "టైపు చేసిన ఉద్యోగి కల్పించిన వాక్యం" అని నేను సంతకం పెట్టాలి. పెట్టకపోతే కోర్టుకెళ్తారట. ఒక్క లైను అబద్ధమని తేలితే పదకొండు వేల పేజీలను ఎవరు నమ్ముతారమ్మా? మాస్టారు రెండు రోజులు నీళ్ళు నమిలి, "సంతకం పెట్టేయమ్మా, సైటు బతుకుతుంది" అన్నారు. పెట్టనని చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ. ఉన్నదాన్ని లేదని రాయడానికి ఈ చెయ్యి రాదు.

నువ్వు మాత్రం కుట్లు వేస్తూ నా గురించి ఆలోచించి వేలికి సూది గుచ్చుకోకు.

నీ చీమ


ఒసేయ్ చీమా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. కంగారుపడకని నువ్వంటే నేను మానేస్తానా?

సంతకం పెట్టనన్నావు, బాగుంది. నువ్వు మొండిదానివని నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. బడిలో నువ్వు చెయ్యని అల్లరికి క్షమాపణ రాయమంటే, రాయకుండా మూడు రోజులు గుమ్మం బయట నిలబడ్డావు. నీకు గొడుగు పట్టుకొచ్చింది నేనే కదా.

అది సరే. నాకు చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదే. నీ ఉత్తరంలో ఏదో దాచిన వాసన కొడుతోంది. ఇంటికి తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసేదానివి, జాకెట్టు ఇస్తే కుట్టు లోపలివైపు తిప్పి చూసేదానివి, నీకు పరధ్యానమేమిటి? పదకొండు వేల కాగితాల్లో ఆ ఒక్క కాగితం దగ్గరే ఎందుకొచ్చింది? ఇంకోటి. మామూలుగా నీ ఉత్తరంలో మందు పేరు, రంగు, దాని తాతముత్తాతల చరిత్ర ఉంటాయి. ఈసారి "ఒక నొప్పుల మాత్ర" అని ఊరుకున్నావు. మీ నాన్నకు తెలియకూడదన్నావు. మూడేళ్ళుగా సెలవులిచ్చినా ఇంటికి సరిగ్గా రావడం లేదు, వస్తే రెండో రోజే సంచి సర్దుతావు, ఆయనతో పొడిపొడిగా మాట్లాడతావు. నాకు వినపడదు కనక కనపడదు కూడా అనుకుంటున్నావా?

నిజం రాయి. అలా రాయకపోతే ఇంకో ఉత్తరం కూడా రాయకు, తపాలా బిళ్ళ దండగ.

మీ అమ్మ


అమ్మా,

నీ ముక్కుకో దండం.

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇప్పుడు చింపను. ఎలా వస్తే అలా రాసేస్తాను.

ఆ మాత్ర నీ మాత్రే. ఆకుపచ్చది, మధ్యలో గీత ఉన్నది. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు ఒక నెలకి రాశాడు. దుకాణం మనదే కదా, నొప్పి తగ్గుతోంది కదా అని నాన్న ఎనిమిది నెలలు తెచ్చిచ్చారు. డబ్బాలోంచి ముప్ఫై మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టి తెచ్చేవారు. కాగితం ఎప్పుడూ ఇంటికి రాలేదు. నాలుగో నెలలో అనుకుంటాను, నువ్వు వంటగదిలో గిన్నెలు తోముతూ, "చెవిలో కీచురాయి దూరినట్టుందే, ఒకటే గోల" అన్నావు. పరీక్షలని పుస్తకం ముందేసుకుని కూచున్న నేను ఏమన్నానో గుర్తుందా? "పోనీలే, నీకు కబుర్లకి తోడు దొరికింది" అని నవ్వాను. నువ్వూ నవ్వావు. నాన్న బలహీనత అన్నారు, బలానికి టానిక్ ఇచ్చారు. ఆ ఏడాది చివరికి నేను వెనకనుంచి పిలిస్తే నువ్వు తిరగడం మానేశావు. దుకాణంలో బల్ల దగ్గర కూర్చోవడం మానేశావు. వయసు వల్లే అన్నాడు చెవుల డాక్టరు. నలభై మూడేళ్ళకేం వయసమ్మా!

అసలు కారణం అప్పట్లో నాకూ తెలియదు. మూడేళ్ళ కిందట తెలిసింది. మూసేసిన ఒక మందుల దుకాణం నుంచి మా ఆఫీసుకు గోనెసంచి నిండా పాత కాగితాలు వచ్చాయి. ఒక్కోటీ విప్పుతున్నాను. మాత్ర పేరు చూడగానే, "మా అమ్మ మాత్ర" అనుకుంటూ ఊరికే చదివాను, పాత చుట్టాన్ని చూసినట్టు. ముందు వైపు అయిపోయింది, తిప్పాను. అట్టడుగున ఆ లైను. నాలుగో నెలలో ఆ కాగితం మన ఇంట్లో ఉండి ఉంటే చాలు, నేను చదివి ఉండేదాన్ని. అడ్డమైన కాగితాలూ చదివిన చీమను, ఆ ఒక్కటి చదవలేకపోయాను. స్కానరు మీద ఎలా పెట్టానో, ఎలా తీశానో గుర్తులేదు. కళ్ళనిండా నీళ్ళతో ఆ లైను టైపు చేసి, బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. అదే పరధ్యానం.

ఆ రోజునుంచి నాన్న మీద నాకు కోపం. చెప్పేస్తున్నాను. పేరుకు మందుల దుకాణం, ఇంట్లో మనిషికి ఇచ్చే మందు కాగితం ఒక్కసారి విప్పి చూడలేదా అని. ఆయన ఎదురుగా కూచుని నన్ను "తిన్నావా" అని అడుగుతుంటే, ఆ ప్రశ్న నా నాలిక చివరిదాకా వచ్చేది. అడిగితే ఆయన ఏమైపోతారో అని భయం. అడగకపోతే నేనేమైపోతానో అని భయం. అందుకే సంచి సర్దేసేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మాస్టారికి కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను. కొద్దిరోజులుగా నాకే అనుమానం వస్తోంది. ఆ లైను నేను నిజంగా చూశానా? నీకలా ఎందుకైందో తెలియక ఇన్నేళ్ళు కుమిలి, ఏదో ఒక కారణం కావాలని వెతుక్కుంటూ, లేనిదాన్ని చూశానా? లాయరు అన్నట్టు వేరే మందు లైను తెచ్చి ఇందులో పెట్టానా? నా దగ్గర కాగితం లేదు, బొమ్మ లేదు. నా మాట తప్ప ఇంకేం లేదు, ఆ మాట మీద నాకే పట్టు జారుతోంది. ఇదే నన్ను చంపుతోంది, ఉద్యోగం కాదు.

అయినా సంతకం పెట్టను. నిన్న కూచుని తేల్చుకున్నాను. శుక్రవారం వాళ్ళందరి ముందూ చెప్పేస్తాను, మా అమ్మ ఈ మాత్ర ఎనిమిది నెలలు వేసుకుంది, మా అమ్మకు వినపడదు, ఆ లైను చూసి ఏడ్చినదాన్ని నేనే అని. భూతద్దం అక్క తల బాదుకుంటోంది. "ఒసే పిచ్చిదానా, నీకు కక్ష ఉందని నువ్వే వాళ్ళ చేతికిస్తావా? అంతటితో నీ పని అయిపోయింది" అంటోంది. అయిపోనీ. జనం దగ్గర ఏదీ దాచకూడదని పుట్టిన సైటు మాది. అందులో కూచుని నేనే దాచుకుంటే, ఆ కంపెనీకీ నాకూ తేడా ఏముంది?

కానీ పదిమందికి చెప్పే ముందు నీకు తెలియాలి. నాన్నకు చెప్పాలా వద్దా అన్నది నువ్వే తేల్చు. నువ్వు చెప్పొద్దంటే నీ సంగతి ఎత్తకుండా, నాకు చేతనైనట్టు వాదించుకుంటాను.

నవ్వినందుకు నన్ను క్షమించమ్మా.

నీ చీమ


చీమా,

ఏడుపు ఆపి, మొహం కడుక్కుని, కూర్చుని చదువు.

మీ నాన్నకు చెప్పాలా వద్దా తేల్చమన్నావు. తేల్చాను, చెప్పేశాను. అది తర్వాత. ముందు నా సంగతి విను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో పోదో చూద్దాం.

కాగితం ఇంటికి రాలేదని మీ నాన్న మీద అలిగావు కదా. అసలు మన దుకాణంలో ఆ కాగితాలు ఏమయ్యేవో ఎప్పుడైనా ఆలోచించావా? డబ్బా మాత్రలు విడిగా అమ్మాలంటే పొట్లాలు కావాలి. పొట్లాలకు పల్చటి కాగితం కావాలి. మందు పెట్టెల్లో వచ్చే కాగితం కన్నా పల్చటిది, మడత బాగా నిలిచేది ఇంకోటి లేదు. మధ్యాహ్నం బేరాలు పలచబడగానే ఒళ్ళో బొత్తి పెట్టుకుని రోజుకు రెండొందలు మడిచేదాన్ని. అన్ని దుకాణాల్లోనూ అలాగే చేసేవాళ్ళు, అదేదో పొదుపనుకునేవాళ్ళం. నువ్వు నేల మీద బోర్లా పడుకుని చదువుతుంటే, "ఇక చాల్లే ఇటివ్వు" అని నీ చేతిలోంచి లాక్కుని మరీ మడిచేదాన్నే. ఏ మందు కాగితంలో ఏ మందు పోస్తున్నామో ఎవరు చూశారు? దగ్గు మాత్రల కాగితంలో జ్వరం మాత్రలు, జ్వరం మాత్రల కాగితంలో నిద్ర మాత్రలు. నా ఆకుపచ్చ మాత్రలు కూడా అలాగే, వేరే ఎవరి జాతకంలోనో చుట్టుకుని నా దగ్గరికి వచ్చేవి.

చెవులు పోయాక దుకాణంలో నాకు పని లేకపోయింది. మనిషి పదిమాటలు చెబితే రెండు అందుకుని తప్పు మందు ఇస్తానేమోనని నేనే లేచొచ్చేశాను. కుట్టుమిషను కొనుక్కున్నాను. వచ్చేటప్పుడు మిగిలిపోయిన పొట్లాలు కొన్ని తెచ్చుకుని హుక్కులు, బొత్తాలు, సూదులు వాటిలో పోసుకున్నాను. మూడేళ్ళ తర్వాత సూదుల పొట్లం మడత దగ్గర చిరిగింది. తిప్పి మడుద్దామని విప్పాను. అట్టడుగున నువ్వు రాసిన లైను.

ఎనిమిదేళ్ళయింది. ఆ మధ్యాహ్నం మిషను ఆపేసి అలా కూచుండిపోయాను. నాకు చెవిలో హోరు మొదలైన రోజు ఈ కాగితం ఎక్కడుంది? నా ఒళ్ళోనే ఉంది. నేనే మడిచాను, నా చేతులతో. లేచి, మళ్ళీ అలాగే మడిచి, సూదులు అందులోనే పోసి, డబ్బాలో పెట్టి మూత వేసేశాను. మీ నాన్నకు చెబితే ఆయన ఇక ఎవరి చేతిలోనూ మందు పెట్టలేరనుకున్నాను. నీకు చెబితే ఆయన మీద కోపం పెంచుకుంటావనుకున్నాను. చెప్పకపోయినా పెంచుకున్నావు. ఇంట్లో ముగ్గురం, ఇద్దరికి నిజం తెలుసు, ఒకరికొకరు చెప్పుకోకుండా కాపాడేసుకుంటున్నాం. మన తెలివి తెల్లారినట్టే ఉంది!

నీ మొదటి ఉత్తరం చూడగానే అర్థమైంది. అయినా నువ్వు నోరు విప్పి చెప్తావో లేదో చూద్దామని ఉడికించాను. నువ్వు చెప్పాక ఇక నాకేం అడ్డం?

నిన్న సూదుల డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఎన్నేళ్ళయిందో బల్ల దాటి లోపలికి వెళ్ళి. మీ నాన్న ఫోను తీసుకుని నీ పేజీ తెరిపించాను. పొట్లం విప్పి బల్ల మీద పరిచాను, రెండో వైపు పైకి పెట్టి. పెద్ద పొట్లం కావడంతో కాగితం నిండుగా ఉంది, ఒక్క మూల కూడా పోలేదు. సూది పోట్లు పడ్డాయి గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. కంపెనీ పేరు, అచ్చు వేసిన తేదీ అన్నీ ఉన్నాయి. నీ టైపు పక్కన పెట్టి మాట మాటా వేలుతో చూసుకున్నాను. నువ్వు చూసింది నిజమేనే పిచ్చిదానా. ఒక్క మాట మాత్రం తప్పు కొట్టావు. నువ్వు "వెంటనే మానాలి" అన్నావు, కాగితంలో "ఆ రోజే మానాలి" అని ఉంది. ఏడుస్తూ టైపు కొడితే ఇలాగే ఉంటుంది. ఆ తప్పు కూడా దాచకు. దిద్ది, దిద్దామని కింద రాయి.

మీ నాన్న ఆ లైను చదివారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు. స్టూలు మీద కూలబడి ఏదో అన్నారు. పెదాలు వణుకుతుంటే నాకేం అర్థం కాలేదు. చీటీల పుస్తకం ముందుకు తోసి, "రాసివ్వండి" అన్నాను. "నేనే కదా ఇచ్చింది" అని రాశారు. దాని కింద నేను, "మడిచింది నేను" అని రాశాను. తర్వాత, "దుకాణం మూసేద్దాం" అని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మూస్తే ఈ వీధి జనం ఇంకో దుకాణానికి పోతారు, అక్కడా కాగితం లేకుండానే కొంటారు. తెరిచే ఉంచండి, కాగితం ఇచ్చి అమ్మండి" అన్నాను. గట్టిగానే అని ఉంటాను, బయట నిలబడ్డ ఇద్దరు మనుషులు వెనక్కి తిరిగి చూశారు.

ఇవాళ పొద్దున దుకాణంలో ఏం చేస్తున్నారో తెలుసా? విడి మాత్రలు అడిగినవాళ్ళకు మీ సైటు తెరిచి, ఆ మందు పేజీ ప్రింటు తీసి, జాగ్రత్తల దగ్గర ఎర్ర పెన్నుతో గీత గీసి, చదివి వినిపించి మరీ ఇస్తున్నారు. "ఇదేంటండీ ఇంత చాదస్తం" అని ఒకాయన విసుక్కుంటే, మీ నాన్న బల్ల దగ్గర కూచున్న నన్ను చూపించారు. ఆ మనిషి నోరు మూసుకుని కాగితం తీసుకున్నాడు.

నువ్వు నవ్వినందుకు క్షమించమన్నావు. క్షమించను. క్షమించడానికి అందులో తప్పుండాలి కదా? నేనన్న మాటకు నవ్వొస్తే నవ్వావు. నేను విన్న ఆఖరి నవ్వుల్లో అదొకటి, దాన్ని నా దగ్గరనుంచి లాక్కోకు.

ఇక శుక్రవారం సంగతి. కాగితం పోస్టులో పంపను. దారిలో పోతే ఎవడు జవాబుదారీ? నేనే వస్తున్నాను, సూదుల డబ్బాతో సహా. మీ నాన్న కూడా వస్తున్నారు, తన చేత్తో అమ్మిన మందు సంగతి తన నోటితోనే చెప్తారట. ఎక్కడ దొరికిందని ఆ నల్లకోటాయన అడిగితే సిగ్గుపడకుండా చెప్పు, మా అమ్మ మడిచిన పొట్లం అని. నీకు కక్ష ఉందంటాడా? ఉందని చెప్పు. కక్ష నీది, కాగితం వాళ్ళది.

మీ మాస్టారికి చెప్పు, భయపడొద్దని. వాళ్ళు వస్తారు, పెద్దగొంతు చేస్తారు, బల్ల గుద్దుతారు, కోర్టంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని పెద్దలు ఊరికే అన్నారా? ఊదుకోమను. నేను ఆ కాగితం బల్ల మీద పరిచి, ఆ లైను మీద వేలు పెట్టి కూర్చుంటాను. చదివేదాకా వేలు తీయను. వాళ్ళెంత అరిచినా నాకేం వినపడదు, వాళ్ళ మాత్ర పుణ్యమా అని.

మీ అమ్మ

తా.క. స్కానరు సిద్ధంగా పెట్టు. ఈసారి కాగితం తిప్పడం మర్చిపోకు.